కెమెరా బిగించే ముందు ఒక రాత్రి ఆగండి

గేటు వైపు ఒక కెమెరా పెట్టాలి, ఎంత ఎత్తులో బిగించాలి, మనిషిని పిలవకుండా సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను, కాకపోతే ఒక్క కెమెరాకు మా గోడకు మూడు చోట్ల కన్నాలు పడ్డాయి.

మాది కరీంనగర్‌లో జీ ప్లస్ వన్ ఇల్లు. ఎవరి చేతికీ అందకూడదని మొదటిసారి మేడ పిట్టగోడ కింద, దాదాపు 16 అడుగుల ఎత్తున బిగించాను. ఫోన్‌లో వీధి మొత్తం కనిపిస్తుంటే భలే అనిపించింది. నెల తిరక్కుండానే ఒక రాత్రి ఎవరో మా స్కూటర్‌లో పెట్రోలు లాగేశారు. వీడియో తీసి చూస్తే ఒక టోపీ, రెండు భుజాలు, చేతిలో ట్యూబు. ముఖం లేదు. "ఈ టోపీ మీద కేసు పెడతావురా?" అని నాన్న ఒకటే నవ్వు.

రెండోసారి 9 అడుగులకు దించాను. వాన తగలదు కదా అని సన్‌షేడ్ కింద, గోడకు బాగా లోపలికి పెట్టాను. పగలు బ్రహ్మాండంగా వచ్చింది. రాత్రయ్యేసరికి తెరంతా తెల్లటి పొగ! కెమెరా పోయిందనుకుని షాపుకు తీసుకెళ్లబోయాను. అసలు సంగతేమిటంటే, చీకటి పడగానే కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వేసుకుంటుంది. ఆ కాంతి మన కంటికి కనబడదు. పైనున్న తెల్ల సున్నం గోడ దాన్ని తిప్పి లెన్స్‌లోకే కొడుతుంది. వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా మిగతాదంతా చీకటి చేసేస్తుంది. సన్‌షేడ్ అంచుకు జరిపాక సరిపోయింది. మూడో కన్నం అదే.

అందుకే డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకునే ముందు కెమెరాను నిచ్చెనకో కర్రకో టేపుతో కట్టి, అనుకున్న చోట ఒక రాత్రి ఉంచండి. పది గంటలకు ఇంట్లో ఎవరినైనా గేటు తీసుకుని లోపలికి నడిచి రమ్మనండి. ఫోన్‌లో ముఖం గుర్తుపట్టగలిగితే అదే మీ చోటు. మామూలుగా 8 నుంచి 10 అడుగుల మధ్య కుదురుతుంది. గేటు దూరంగా ఉంటే 2.8 ఎంఎం లెన్స్ కన్నా 4 ఎంఎం మేలు, వెడల్పు తగ్గినా మనిషి పెద్దగా కనిపిస్తాడు. తూర్పు ముఖం ఇల్లయితే పొద్దుటి ఎండ నేరుగా లెన్స్‌లో పడకుండా కాస్త కిందికి వంచండి.

గోడకు 6 ఎంఎం బిట్, ప్లాస్టిక్ ప్లగ్, స్క్రూ చాలు. పాత గోడల్లో పైపూత రాలిపోతుంది, ఇటుక తగిలేదాకా వెళ్లండి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం కన్నం వేయకండి, లోపల కరెంటు పైపు ఉండొచ్చు.

ఇక వైరు. అసలు తలనొప్పి ఇక్కడే. డబ్బా మీద ఐపీ 66 అని ఉంటే కెమెరాకు వానతో భయం లేదని అర్థం, వెనక వేలాడే కనెక్టర్లకు ఆ మాట వర్తించకపోవచ్చు. నాకది తెలియక మొదటి వానాకాలంలోనే పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. జాయింటంతా పీవీసీ బాక్సులో పెట్టండి. వైరు గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కన్నం బయటి వైపుకు వాలుగా వేసి సిలికాన్ పూయండి. మా ఏరియాలో కోతులెక్కువ, వేలాడే వైరు కనిపిస్తే ఊరుకోవు, కాబట్టి మొత్తం పైపులో వేయాల్సి వచ్చింది.

వైఫై కెమెరా అయితే కొనేముందే ఫోన్‌తో ఆ చోట సిగ్నల్ చూసుకోండి, రెండు గోడలు దాటేసరికి చాలా పడిపోతుంది. కొత్తగా వేయించుకునేవారికైతే నేను పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) కెమెరానే చెప్తాను. ఒకే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటూ వీడియో రెండూ వెళ్తాయి, 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చేయండి. పక్కింటి పెరడు పడుతుంటే, సెట్టింగ్స్‌లో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే వీలు చాలా కెమెరాల్లో ఉంటుంది. నేనైతే కప్పేశాక పక్కింటి ఆంటీకి ఫోన్‌లో చూపించాను కూడా.

ఇంకొకటి, సాలీళ్లు. రాత్రిపూట కెమెరా లైట్లకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు లెన్స్ ముందే గూడు కడుతుంది, గాలికి గూడు ఊగితే ఎవరో కదిలారనుకుని కెమెరా అలర్ట్ పంపుతుంది, అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. రెండుసార్లు కర్ర పట్టుకుని బయటికి పరిగెత్తాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం బూజుకర్రతో దులుపుతున్నాను.