ఇంటికి ప్రింటర్ కొనే ముందు టోనర్ గురించి అడగండి

మీ ప్రశ్న సారాంశం ఇది: నెలకు యాభై అరవై పేజీలు, అన్నీ నలుపులోనే, పిల్లల వర్క్‌షీట్లు, బ్యాంకు కాగితాలు, అప్పుడప్పుడు తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతి నుంచి తీసుకునే పహాణీ, ఆధార్ ప్రతులు, ఖర్చు పదిహేను వేలు దాటకూడదు, ఇంక్ ట్యాంక్ మంచిదా, లేజర్ మంచిదా అన్నది సందేహం, ఈలోగా మీ మిత్రుడొకరు తన పాత హెచ్‌పీ లేజర్‌జెట్ 1020ను చవకగా ఇస్తానంటున్నారు. నేను హైదరాబాద్ నాచారంలో ఉంటాను. మా శ్రీమతి పదో తరగతి పిల్లలకు ఇంట్లోనే గణితం చెబుతారు, నేను తెలిసినవారి ఆదాయపు పన్ను రిటర్నులు చూస్తుంటాను కనుక మా ఇంట్లో ప్రింటర్‌కు చాలా ఏళ్లుగా పని తప్పడం లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ వాడకానికి నలుపు మాత్రమే ముద్రించే మామూలు లేజర్ ప్రింటరే తగినది. అయితే ఏ మోడల్ అన్నది యంత్రాన్ని చూసి కాదు, అందులో వేసే టోనర్‌ను చూసి తేల్చుకోవాలి.

ముందుగా ఇంక్ సంగతి. ఇంక్ ప్రింటర్‌లో సిరా కంటికి ఆనని సన్నని రంధ్రాల గుండా కాగితం మీద పడుతుంది. రోజూ వాడేవారికి దానితో పేచీ లేదు. కానీ పరీక్షలై పిల్లలు అమ్మమ్మగారి ఊరికి వెళ్లి, ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి పొడి ఎండలకు ఆ యంత్రం కదలకుండా పడి ఉంటే రంధ్రాల దగ్గర సిరా గట్టిపడుతుంది. మా మొదటి ప్రింటర్ ఇంక్‌దే. ఏ కంపెనీదన్నది అప్రస్తుతం. ప్రతి జూన్‌లోనూ బడులు తెరిచే వేళకు అక్షరాల మధ్య తెల్లటి చారలు వచ్చేవి. హెడ్ క్లీనింగ్ నొక్కితే అది తన దగ్గరున్న సిరానే రంధ్రాల గుండా పీల్చి, లోపలి స్పాంజి ప్యాడ్‌లోకి వదిలేస్తుంది. అంటే ఒక్క పేజీ కూడా ముద్రించకుండానే సిరా ఖర్చవుతుంది, కొంతకాలానికి ఆ ప్యాడ్ కూడా నిండుతుంది. లేజర్‌లో ఈ బాధ లేదు. టోనర్ అంటే పొడి ప్లాస్టిక్ చూర్ణం, అందులో ఎండిపోవడానికి తడి ఏదీ ఉండదు. ఆరు నెలలు ముట్టుకోకపోయినా మొదటి పేజీ నల్లగా, శుభ్రంగా వస్తుంది. చెమట చేతులు తగిలినా, పరీక్షా కేంద్రం ముందు వాన పడినా హాల్ టికెట్ మీద అక్షరం చెదరదు, ఎందుకంటే దాదాపు రెండు వందల డిగ్రీల వేడిగల ఫ్యూజర్ ఆ చూర్ణాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది.

ఇంక్ ట్యాంక్‌లన్నీ పనికిరావని నా ఉద్దేశం కాదు. ఎప్సన్ ఎం1100 వంటి నలుపు మాత్రమే ముద్రించే ట్యాంక్ ప్రింటర్‌కు 120 మిల్లీలీటర్ల సీసా ఒకటి పోస్తే 6,000 పేజీలు వస్తాయని కంపెనీ చెబుతుంది. దానిలో వాడే పిగ్మెంట్ (రంగు రేణువుల) సిరా నీటికి అంత సులువుగా చెదరదు. కరెంటు కూడా చాలా తక్కువ తీసుకుంటుంది. రోజుకు ముప్పై నలభై పేజీలు ముద్రించే ట్యూషన్ సెంటర్‌కైతే నేను దానినే సిఫారసు చేస్తాను. మీది విడతలు విడతలుగా సాగే వాడకం.

ఇక అసలు విషయమైన టోనర్‌కు వద్దాం. ప్రింటర్ పెట్టె మీద రాసే పేజీల సంఖ్యను ఐఎస్ఓ/ఐఈసీ 19752 అనే ప్రమాణం ప్రకారం లెక్కిస్తారు. స్థూలంగా పేజీలో అయిదు శాతం మేర నలుపు పడే ఉత్తరం వంటి కాగితం అని అనుకోవచ్చు. ఫోటో ఉన్న ఆధార్ ప్రతికి గానీ, ముదురు నీడలతో స్కాన్ చేసిన పాత దస్తావేజుకు గానీ ఆ లెక్క వర్తించదు. మీ మిత్రుని 1020లో వేసే హెచ్‌పీ 12ఏ టోనర్‌కు 2,000 పేజీలు, 110ఏకు 1,500, బ్రదర్ టీఎన్-2365కు 2,600 అన్నవి ఆ కంపెనీలు ప్రకటించిన అంకెలు. కొత్త ప్రింటర్‌తో పాటు వచ్చే టోనర్ చాలా మోడళ్లలో సగం కూడా నిండి ఉండదన్నది దుకాణదారు తనంతట తాను చెప్పడు కాబట్టి ఆ సంగతి మీరే అడగాలి.

ఒక లెక్క వేద్దాం. కంపెనీ టోనర్ 3,000 రూపాయలై, 2,000 పేజీలు ఇస్తుందనుకుంటే పేజీకి రూపాయిన్నర. అదే డబ్బాను 400 రూపాయలకు రీఫిల్ చేయించి 1,500 పేజీలు తీస్తే పేజీకి ఇరవై ఏడు పైసలు. మీరు నెలకు అరవై పేజీలు తీసినా సంవత్సరానికి 720. అంటే ఒక్క టోనర్ రెండేళ్లకు పైగా వస్తుంది. అందుకే మీ విషయంలో నిమిషానికి పన్నెండు పేజీలా, ముప్పై పేజీలా అన్న వేగం కంటే, ఆ టోనర్ రెండేళ్ల తరువాత కూడా మన ఊళ్లో దొరుకుతుందా, దానిని ఎవరైనా నింపుతారా అన్నదే ముఖ్యం.

దీనికి జవాబు ఇంటర్నెట్‌లో వెతకడం కంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లి, ప్రింటర్లు అమ్మే దుకాణం కంటే ముందుగా టోనర్ రీఫిల్ చేసే దుకాణంలో అడగడం మేలు. మూడు ప్రశ్నలు చాలు: ఈ మోడల్ టోనర్ మీరు నింపుతారా? దానికి చిప్ (డబ్బాను ప్రింటర్ గుర్తుపట్టే చిన్న ముక్క) ఉందా, ఉంటే నింపిన ప్రతిసారీ మార్చాలా? డ్రమ్ (చూర్ణాన్ని అక్షరాల రూపంలో కాగితం మీదికి చేర్చే గుండ్రటి గొట్టం) టోనర్‌తో కలిసి ఉందా, విడిగా ఉందా? వాళ్లకు ప్రింటర్ అమ్ముకోవాలన్న తాపత్రయం ఉండదు కనుక చెప్పే మాటలో వంకర ఉండదు. 12ఏ పేరు చెబితే వెనక్కి తిరిగి చూడకుండానే అరలోంచి తీసి ఇస్తారు. కానన్ ఎల్‌బీపీ 2900బీలో వేసే 303 టోనర్ కూడా అదే కోవకు చెందినది. హెచ్‌పీ తన తొలి లేజర్‌జెట్‌ను 1984లో కానన్ ఇంజిన్‌తోనే తయారు చేసింది, ఆ బంధుత్వం తరువాతి మోడళ్లలోనూ కొనసాగింది. కొత్త మోడళ్లలో చాలావాటికి చిప్ ఉంటుంది. హెచ్‌పీలో మోడల్ పేరు చివర ‘ఈ’ అక్షరం ఉన్నవి ఆ కంపెనీ టోనర్‌నే అంగీకరిస్తాయి, ఇంటర్నెట్‌కు ఎప్పుడూ అనుసంధానమై ఉండాలని కోరతాయి. తక్కువగా వాడే ఇంటికి అటువంటి షరతులున్న యంత్రం వద్దనే నా అభిప్రాయం.

డ్రమ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హెచ్‌పీ, కానన్ చిన్న ప్రింటర్లలో చాలావాటికి డ్రమ్, టోనర్ ఒకే డబ్బాలో ఉంటాయి. బ్రదర్‌లో టోనర్ వేరు, డ్రమ్ వేరు, ఆ డ్రమ్ సుమారు 12,000 పేజీలు వస్తుంది. మొదటి రకంలో అదే డబ్బాను పదే పదే నింపిస్తే చూర్ణం కొత్తదే గానీ డ్రమ్ పాతదే కావడం వల్ల మచ్చలు మొదలవుతాయి. మచ్చను చూసి రోగం కనిపెట్టవచ్చు. పేజీలో పై నుంచి కింది దాకా ఒకే నల్ల చుక్క సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే, ఆ దూరం స్కేలుతో కొలవండి: 12ఏ డబ్బాలో 75 మిల్లీమీటర్లు, బ్రదర్‌లో 94 మిల్లీమీటర్లు వస్తే అది డ్రమ్ మీది గీతే, ఎందుకంటే ఆ డ్రమ్ ఒక్క చుట్టు తిరిగితే పడే దూరం అదే. నిలువుగా అక్షరాలు వెలిసిపోతుంటే టోనర్ అడుగంటిందని అర్థం. డబ్బా తీసి అటూ ఇటూ మెల్లగా ఊపితే మరికొన్ని పేజీలు వస్తాయి. వేలితో రుద్దితే అక్షరం రాలిపోతుంటే మాత్రం నాసిరకం చూర్ణమో, ఫ్యూజర్ లోపమో అయి ఉంటుంది.

పదిహేను వేల లోపు కొత్తది కొనాలంటే, రెండు వైపులా తానే ముద్రించే సదుపాయం ఉన్నదానికి నేను మొగ్గుతాను, ఎందుకంటే టోనర్‌పై ఎంత ఆదా చేసినా కాగితం ఖర్చు కనబడకుండా పెరుగుతూనే ఉంటుంది. మేము వాడుతున్నది బ్రదర్ హెచ్ఎల్-ఎల్2321డీ. వైఫై లేదు, స్కానర్ లేదు, కేబుల్ తగిలిస్తే పని చేస్తుంది. బ్రదర్ పేర్లలో ‘డీ’ అంటే రెండు వైపులా ముద్రణ, ‘డబ్ల్యూ’ అంటే వైఫై. ‘హెచ్ఎల్’ అంటే ప్రింటర్ మాత్రమే, ‘డీసీపీ’ అంటే స్కానర్, జిరాక్స్ కూడా ఉన్నది. హెచ్‌పీ చిన్న మోడళ్లలో చివర ‘ఏ’ ఉంటే కేబుల్, ‘డబ్ల్యూ’ ఉంటే వైఫై. మీ ఇంట్లో వర్క్‌షీట్లు వాట్సాప్‌లో వస్తాయని రాశారు కనుక ఫోన్ నుంచి ముద్రించగలగడం మీకు ముఖ్యం కావచ్చు. అప్పుడు వైఫై ఉన్నదే తీసుకోండి, కానీ చవక మోడళ్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయని గుర్తుంచుకోండి. స్కానర్ కోసం అదనంగా పెట్టనవసరం లేదు, ఫోన్ కెమెరా చాలు. మ్యాక్ గానీ లైనక్స్ గానీ వాడేవారు డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) సంగతి ముందే తేల్చుకోవాలి, ఎల్‌బీపీ 2900బీ వంటివి అక్కడ మొండికేస్తాయి.

తెలుగు ముద్రించేవారికి ప్రత్యేకంగా ఒక మాట. టోనర్ పొదుపు సెట్టింగ్ పెడితే ఇంగ్లిష్ పేజీ చదవడానికి బాగానే ఉంటుంది గానీ, తెలుగులో చిన్న అక్షరాల కింది ఒత్తులు, గుడికి, గుడిదీర్ఘానికి మధ్య తేడాలు మసకబారుతాయి. పిల్లల తెలుగు వర్క్‌షీట్‌కు, పహాణీకి మామూలు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ఉంచి, మీరు చదివి పారేసే కాగితాలకే పొదుపు వాడండి.

కరెంటు విషయంలో జాగ్రత్త అవసరం. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో లేజర్ ప్రింటర్ కొన్ని వందల వాట్లు లాగుతుంది. కంప్యూటర్ కింద పెట్టుకునే 600 వీఏ యూపీఎస్ భరించగలిగేది దాదాపు 360 వాట్లే కనుక దానికి తగిలిస్తే కంప్యూటర్‌తో సహా ఆగిపోతుంది. నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. కరెంటు పోయినప్పుడు ముద్రణ ఆపుకోండి. జూలై, ఆగస్టులలో కాగితం తేమ పీల్చి వంకరపోయి ఇరుక్కుంటుంది కనుక ట్రేలో ముప్పై నలభై ఉంచి, మిగతా కట్టను దాని కవర్‌లోనే మూసి పెట్టాలి. 75 జీఎస్ఎం కంటే పలుచనిది వద్దు. చూర్ణం బట్టల మీద పడితే పొడి గుడ్డతో దులిపి చన్నీళ్లతో కడగాలి, వేడినీళ్లు తగిలితే అది అంటుకుపోతుంది.

ప్రింటర్ అవసరమేనా, జిరాక్స్ షాపు చాలదా అన్న మీ చివరి సందేహం న్యాయమైనదే. కేవలం డబ్బు లెక్క అయితే మీ వాడకానికి షాపుతో పెద్ద తేడా రాదు. నేను ఇంట్లో ముద్రించడానికి కారణం వేరు: షాపులో ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లను వాళ్ల వాట్సాప్ నంబరుకు పంపాలి, అవి ఆ కంప్యూటర్‌లో ఎన్నాళ్లు ఉంటాయో ఎవరికీ పట్టదు. ఇతరుల పన్ను కాగితాలు చూసేవాడిగా నేను దానికి ఒప్పుకోలేను.

మీ మిత్రుని 1020 విషయానికి వస్తే, ధర మూడు వేలకు మించకుండా ఉంటే ఆలోచించదగినదే. కేబుల్ మాత్రమే, రెండు వైపులా తానే ముద్రించదు, కానీ 12ఏ దొరకని వీధి ఉండదు. తీసుకునే ముందు మీ ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్లి, డ్రైవర్ ఎక్కుతుందో లేదో చూసి, ఆపకుండా ఇరవై పేజీలు వేయించండి. కాగితం లాగేటప్పుడు జారుతుంటే పికప్ రోలర్ అరిగిందని అర్థం, అది తక్కువ ఖర్చుతో మారుతుంది. ముద్రించిన పేజీ ముడతలు పడి, అక్షరాలు చెరిగిపోతుంటే ఫ్యూజర్ పోయిందని అర్థం, అటువంటిది ఊరికే ఇచ్చినా వద్దు. బండి మీద తెచ్చుకునేటట్లయితే టోనర్ డబ్బాను బయటికి తీసి, డ్రమ్‌కు వెలుతురు తగలకుండా నల్ల కవర్‌లో చుట్టి విడిగా తెచ్చుకోండి, లేకుంటే దారి కుదుపులకు చూర్ణమంతా యంత్రం లోపలే ఒలికిపోతుంది.