గేటు పడకముందు అడగాల్సిన ప్రశ్నలు

ఈ సంచికలో ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల ఉత్తరాలకే చోటిచ్చాం. నాలుగు ఉత్తరాలూ ఒకే విషయం చుట్టూ తిరగడంతో వాటిని కలిపి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: బరంపురంలో మాకు రెండు లారీలున్నాయి. 2017కు ముందు ఆంధ్ర సరిహద్దులోని గిరిసోల వాణిజ్య పన్నుల గేటు దగ్గర మా బళ్లు పడిన పాట్లు మీకు తెలియనివి కావు. బ్రిటన్ ఐరోపా యూనియన్ నుంచి విడిపోతే ఫ్రాన్స్‌కు లారీలు ఓడలెక్కే డోవర్ రేవులోనూ అలాంటి బారులే తీరతాయని అప్పట్లో చదివాను. అన్నీ సిద్ధంగా ఉన్నాయని అక్కడి ప్రభుత్వం చెబుతూ వచ్చింది. ఆ మాటలో నిజమెంతో అక్కడి పార్లమెంటు ఎలా కనిపెట్టింది? ఓట్ల లెక్కలు తప్ప మన పత్రికల్లో మరేమీ రాలేదు.
— ఒక లారీ యజమాని, బరంపురం

జవాబు: గిరిసోల సంగతి నాకూ కొంత తెలుసు. ఇచ్ఛాపురం వెళ్లే బస్సు కిటికీలోంచి చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆగిపోయిన బండి నీడలో డ్రైవరు కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుంటుంటే, క్లీనరు వేబిల్లుల కట్ట చంకన పెట్టుకుని ముద్ర కోసం వరుసలో నిలబడేవాడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆ వాణిజ్య పన్నుల గేట్లు ఎత్తేశాక మీకు ఆ బాధ తప్పింది. బ్రిటన్‌లో జరిగింది దీనికి తలకిందులు. ఏళ్ల తరబడి సుంకాల తనిఖీ లేకుండా లారీలు దాటుతున్న దారిలో కొత్తగా గేటు పెట్టే పని వాళ్ల నెత్తిన పడింది.

2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది విడిపోదామన్నారు. 2017 మార్చి 29న ప్రభుత్వం నోటీసు ఇవ్వడంతో రెండేళ్ల గడువు మొదలైంది. ఆ గడువులోగా ఏయే పనులు పూర్తి కావాలో, ఏవి వెనకబడ్డాయో పట్టి చూపినవాళ్లు ప్రధానంగా ఇద్దరు: ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్, దాని నివేదికలు చేతబట్టుకుని అధికారులను కూర్చోబెట్టి అడిగే ప్రజా పద్దుల కమిటీ. 1861 నాటి ఈ కమిటీకి ప్రతిపక్ష సభ్యులే అధ్యక్షత వహించడం ఆనవాయితీ. ఆ రోజుల్లో లేబర్ పార్టీకి చెందిన మెగ్ హిల్యర్ అధ్యక్షురాలు. కమిటీ ముందు సాధారణంగా మంత్రి కూర్చోడు. శాఖ ఖర్చుకు స్వయంగా బాధ్యుడైన అత్యున్నత అధికారి కూర్చుంటాడు. మంత్రి అయితే ఉపన్యాసంతో తప్పించుకోవచ్చు గానీ, సంతకం పెట్టిన అధికారికి ఆ వెసులుబాటు ఉండదు.

వాళ్లు అడిగిన ప్రశ్నల తీరు చూడండి. విడిపోవడం మంచిదా చెడ్డదా అన్న చర్చ జోలికి పోకుండా, ఏటా నింపే కస్టమ్స్ పత్రాలు ఎన్ని అని అడిగారు. అప్పటికి సుమారు 5.5 కోట్లు, విడిపోయాక 25.5 కోట్లు కావచ్చునని 2017 జులైలో ఆడిట్ ఆఫీస్ తేల్చింది. అన్ని పత్రాలను మోయగల కంప్యూటర్ వ్యవస్థ ఏది, అది ఏ నెలకు సిద్ధమవుతుంది, కాకపోతే ఏం చేస్తారు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. శాఖలన్నీ ఒక్క మాట మీద నడవకపోతే ప్రభుత్వ ప్రణాళిక ఒక్క దెబ్బకు తొనలు తొనలుగా విడిపోయే చాక్లెట్‌తో చేసిన నారింజలా తయారవుతుందని ఆడిట్ ఆఫీస్ అధిపతి సర్ ఏమియస్ మోర్స్ అదే నెలలో అన్నారు. లెక్కలు చూసే మనిషి నోట అలాంటి పోలిక రావడం అరుదు కనుక అది వెంటనే పత్రికలకెక్కింది. 2018 అక్టోబరు నివేదిక మరింత సూటిగా, సరిహద్దు దగ్గర కీలకమైన 12 ప్రాజెక్టుల్లో 11 సకాలంలో సవ్యంగా పూర్తవడం అనుమానమేనని చెప్పింది.

మీ వృత్తికి దగ్గరి ఉదాహరణలు రెండు. డోవర్ మీద ఒత్తిడి తగ్గించేందుకు 2018 డిసెంబరులో రవాణా శాఖ అదనపు ఓడల కోసం కాంట్రాక్టులు ఇచ్చింది. అందులో 1.38 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు దక్కించుకున్న సీబోర్న్ ఫ్రైట్ అనే సంస్థకు సొంత ఓడ ఒక్కటీ లేదు. దాని వెబ్‌సైటులోని షరతులు చూస్తే భోజనం ఇంటికి తెచ్చిచ్చే వ్యాపారం కోసం రాసినట్టున్నాయని బయటపడింది. 2019 ఫిబ్రవరిలో ఆ కాంట్రాక్టు రద్దయింది. అంతటితో పోలేదు. కాంట్రాక్టులు ఇచ్చిన పద్ధతి సరికాదని, సముద్రం కింది రైలు సొరంగాన్ని నడిపే యూరోటన్నెల్ సంస్థ కోర్టుకెక్కడంతో, ప్రభుత్వం 3.3 కోట్ల పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఇక రెండోది, 2019 జనవరి 7న మాన్‌స్టన్ అనే పాత విమానాశ్రయంలో లారీలు నిలిపి, అక్కడి నుంచి డోవర్‌కు నడిపి చూసిన రిహార్సల్. 150 దాకా లారీలు వస్తాయనుకుంటే వచ్చినవి 89. డోవర్ రేవుకు రోజూ వేల లారీలు వస్తాయి. గిరిసోల బారులు చూసిన మీకు ఈ 89 లారీల పరీక్ష విలువెంతో నేను చెప్పనక్కర్లేదు.

పెద్దగా ఎవరూ పట్టించుకోని ఏర్పాటు ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది అదే. ఒక ఖర్చు నిబంధనలకు సరిపడదనో, డబ్బుకు తగ్గ ఫలితం రాదనో అధికారికి తోస్తే, లిఖితపూర్వకంగా ఆదేశించమని మంత్రిని కోరాలి. ఆ ఆదేశం ప్రతి ఆడిట్ అధిపతికీ కమిటీకీ చేరుతుంది. అవసరమైన చట్టం ఇంకా పార్లమెంటు దాటకముందే విడిపోయే పనుల మీద డబ్బు పెట్టాల్సి వచ్చి 2018లో కొన్ని శాఖల అధికారులు ఇలా ఆదేశాలు అడిగి తీసుకున్నారు. ఎవరి సంతకంతో ఏ డబ్బు కదిలిందో కాగితం మీద మిగిలింది.

అయితే ఈ నివేదికలు గడువును ఒక్క రోజు కూడా జరపలేదని ఒప్పుకోవాలి. 2019 జనవరి 15న పార్లమెంటు దిగువ సభ కామన్స్, విడిపోయే షరతుల మీద ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందాన్ని 432–202 ఓట్లతో తిప్పికొట్టింది. గడువులు మారడానికి అలాంటి ఓటములే కారణం. చివరికి 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న కుదిరిన 1,200 పుటలకు పైబడిన వాణిజ్య ఒప్పందానికి అవసరమైన చట్టాన్ని, నాలుగేళ్లు ప్రశ్నలు అడిగిన పార్లమెంటే డిసెంబరు 30న ఒక్క రోజులో దాటించింది.

ప్రశ్న: ప్రభుత్వం కాగితాలు ఇవ్వనంటే పార్లమెంటు చేయగలిగిందేముంది? పోటీ పరీక్షలకు చదువుతున్న మా స్నేహితుల మధ్య దీని మీద వాదన వచ్చింది.
— ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: కామన్స్ సభ దగ్గర పాతకాలపు ఆయుధం ఒకటుంది. ఫలానా పత్రాలు సభ ముందు పెట్టించవలసిందని సింహాసనం మీదున్నవారిని (అప్పట్లో రాణీగారిని) సవినయంగా వేడుకుంటూ తీర్మానం చేస్తారు. మాట విన్నపం, పని ఆజ్ఞ. 2017 నవంబరు 1న ప్రతిపక్షం ఇలాంటి తీర్మానంతో విడిపోవడం వల్ల 58 రంగాల మీద పడే ప్రభావం గురించి జరిపిన అధ్యయనాలు అడిగింది. ప్రభుత్వం ఓటింగుకు కూడా నిలబడకుండా ఒప్పుకుంది. తీరా చేతికొచ్చినవి సుమారు 850 పుటలు. సభ్యులు ముందుగా సమయం తీసుకుని, ఫోను బయట పెట్టి, ఒక గదిలో కూర్చుని చదువుకోవలసి వచ్చింది. మన పరీక్ష హాలుకు దానికి తేడా తక్కువే! డిసెంబరు 6న విడిపోయే వ్యవహారాల మంత్రి డేవిడ్ డేవిస్ ఆ వ్యవహారాలనే చూసే మరో కమిటీ ముందుకు వచ్చి, రంగాలవారీగా ప్రభావం అంచనా వేసిన పత్రాలు అసలు లేనే లేవన్నారు. ప్రభుత్వం ఏం సిద్ధం చేసిందో తెలుసుకోబోయిన సభకు ఏం సిద్ధం చేయలేదో తెలిసింది. అదీ లాభమే.

ఇవ్వకపోతే మాత్రం సభా ధిక్కారమవుతుంది. ప్రభుత్వ ప్రధాన న్యాయ సలహాదారు (అటార్నీ జనరల్) విడిపోయే ఒప్పందం మీద ఇచ్చిన సలహాను పూర్తిగా బయటపెట్టనందుకు 2018 డిసెంబరు 4న 311–293 ఓట్లతో ప్రభుత్వమే ధిక్కారానికి పాల్పడిందని సభ తీర్మానించింది. అక్కడ అలా జరగడం అదే మొదటిసారి. మర్నాడే సలహా వెలువడింది. 2019 సెప్టెంబరు 9న ఇలాగే 311–302 ఓట్లతో ‘ఎల్లోహామర్’ అనే పత్రం అడిగితే రెండు రోజుల్లో బయటికొచ్చింది. ఒప్పందం లేకుండా విడిపోతే బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య జలసంధి దాటే లారీలు రెండున్నర రోజుల దాకా నిలిచిపోవచ్చునని ప్రభుత్వం తన లోపలి లెక్కల్లో తానే రాసుకున్న పత్రం అది.

ప్రశ్న: మొత్తం ఏర్పాట్లకు ఎంత ఖర్చయింది?
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: 2020 జనవరి 31 నాటికి కనీసం 440 కోట్ల పౌండ్లని ఆడిట్ ఆఫీస్ ఆ మార్చిలో లెక్క తేల్చింది. ఆర్థిక శాఖ ఇందుకోసం కేటాయించింది 630 కోట్లు.

ప్రశ్న: గజపతి జిల్లాలో మాకు జీడితోట ఉంది. పిక్కలు పలాస వ్యాపారులకు అమ్ముతాం. విదేశీ పిక్కలు దిగినప్పుడల్లా మా ధర పడిపోతుంది. 2019లో మన దేశం ఆర్‌సెప్ అనే ఆసియా దేశాల వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకున్నప్పుడు మన పార్లమెంటు ఇలాంటి విచారణ ఏమైనా జరిపిందా? ఇలాంటి ఒప్పందాల మీద మావంటివాళ్ల మాట కమిటీలకు చేరే దారి ఉందా?
— ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: చిన్న సవరణ. బ్రిటన్ లోపల ఉండి బయటికొచ్చింది. మనం లోపలికి వెళ్లకముందే గుమ్మం దగ్గర ఆగిపోయాం. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రభుత్వం చేరడం లేదని ప్రకటించింది. మిగిలిన 15 దేశాలు మరుసటి ఏడాది సంతకాలు చేశాయి. మన రాజ్యాంగం ప్రకారం అంతర్జాతీయ ఒప్పందం చేసుకోవడం గానీ మానుకోవడం గానీ కేంద్ర ప్రభుత్వం పని. దాన్ని అమలు చేయడానికి చట్టం కావాలంటే 253వ అధికరణం కింద పార్లమెంటు చేస్తుంది. సంతకానికి ముందు పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. సుంకం తగ్గింపులు చాలావరకు నోటిఫికేషన్లతోనే జరిగిపోతాయి. అందుకే పిక్కల మీద సుంకం మారిన సంగతి మీకు ముందు పలాస బజారులో తెలుస్తుంది, తర్వాత పేపర్లో.

మనకూ ప్రజా పద్దుల కమిటీ ఉంది, 1921 నుంచి ఉంది. 1967 నుంచి ప్రతిపక్షానికే అధ్యక్షత ఇస్తున్నాం. అయితే అది ప్రధానంగా కాగ్ నివేదికల ఆధారంగా, డబ్బు ఖర్చయిపోయాక అడుగుతుంది. ముందుగా అడగగలిగినవి 1993లో వచ్చిన శాఖలవారీ స్థాయీ సంఘాలు. వాణిజ్య శాఖను చూసే సంఘంలో మిగతా వాటిలాగే 31 మంది సభ్యులు; చైనా సరకుల వల్ల మన పరిశ్రమల మీద పడుతున్న ప్రభావం గురించి 2018లో ఇది నివేదిక ఇచ్చింది. ఆర్‌సెప్‌లో చైనా కూడా ఉంది కనుక ఆ నివేదిక మీ ప్రశ్నకు దూరం కాదు. కానీ ఈ సంఘాల సమావేశాలు తలుపులు వేసుకుని జరుగుతాయి. దేశ భద్రతకో ప్రయోజనాలకో భంగమంటూ పత్రం ఇవ్వకుండా ఉండే వీలు కూడా నిబంధనల్లోనే ప్రభుత్వానికి ఉంది. బ్రిటన్‌లో అధికారి తడబడుతూ జవాబు చెప్పడాన్ని జనం టీవీలో చూశారు. ఇక్కడ అదే తడబాటు నివేదికలో ఒక పొడి వాక్యంగా మారి కొన్ని నెలలకు మన చేతికొస్తుంది. ఈ తలుపులు కొంతైనా తెరవాలన్నది నా అభిప్రాయం.

మీ మాట చేరే దారి ఉంది. సంఘం ఒక విషయం చేపట్టినప్పుడు అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇస్తుంటుంది. గడువు చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రకటన కంటపడిన రోజే రాయడం మొదలుపెట్టండి. ధరలు పడిపోతున్నాయని ఊరికే రాయకుండా, ఏ నెలలో బస్తా ఎంతకు అమ్మారో, ఆ రశీదుల నకళ్లతో సహా పంపండి. మీరే సొంతంగా పార్లమెంటుకు అర్జీ పెట్టదలిస్తే తెలుగులోనూ రాయవచ్చు. అయితే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతపరచాలి, ఆ అనువాదం కిందా మీ సంతకం ఉండాలి.