లావు పిల్లి డైట్ ఫుడ్ ముట్టకపోతే పస్తు పెట్టకండి: గ్రాముల లెక్కతో బరువు దించే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: హన్మకొండలో ఫ్లాట్, ఆరేళ్ల మగ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 6.2 కిలోలు. డాక్టర్ 4.8కి దించమన్నారు. కొత్త డైట్ ఫుడ్ వాసన చూసి వెళ్లిపోతోంది, మబ్బుల్నే లేచి అరుస్తోంది, పడుకున్న చోటు నుంచి కదలదు, బాపమ్మ జాలిపడి పాలు పోస్తోంది. "రెండు రోజులు ఏం పెట్టకు, ఆకలైతే అదే తింటది" అని చుట్టాలు చెప్తున్నారని కూడా రాశారు. ముందు ఆ మాట సంగతే తేల్చాలి. లావు పిల్లికి ఆ సలహా ప్రాణం మీదికి తెస్తుంది.

పిల్లి తిండి పూర్తిగా మానేస్తే ఒంట్లో ఉన్న కొవ్వంతా ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయం దాన్ని అంత వేగంగా ఖర్చు చేయలేదు, కొవ్వు అక్కడే పేరుకుంటుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. ఎంత లావుంటే అంత ముప్పు, రెండు మూడు రోజుల పస్తు చాలు మొదలవడానికి. ఇక ఆ తర్వాత పిల్లి తినాలనుకున్నా తినలేదు. కాబట్టి 24 గంటలు ఏమీ తినకపోతే వెంటనే పాత తిండి పెట్టేయండి. అదీ ముట్టకపోతే, లేదా వాంతులు, చొంగ, చెవి లోపలా చిగుళ్ల మీదా పసుపు రంగు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. డైట్ అంటే పిల్లి రోజూ తింటూనే తగ్గాలి.

కొత్త తిండిని ఒక్కరోజులో మార్చడమే చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు. మొదటి మూడు రోజులు నాలుగో వంతు కొత్తది, మూడొంతులు పాతది. తర్వాత మూడు రోజులు సగం సగం. ఆ తర్వాత మూడొంతులు కొత్తది. పది రోజులకు పూర్తిగా కొత్తది. మొండి పిల్లికి మూడు వారాలు పట్టినా ఫర్వాలేదు. పౌచ్‌లో వచ్చే తడి తిండి ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పెడితే చాలా పిల్లులు ముట్టవు. గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, పిల్లి ముందు ముక్కుతోనే కదా తినేది.

ఇక లెక్క. పిల్లి బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే విశ్రాంతిలో దానికి రోజుకు కావలసిన క్యాలరీలు వస్తాయి. 6.2 కిలోలకు ఇది 275, అందులో 80 శాతం 220. చేరాల్సిన 4.8 కిలోలకు వేసినా 227 వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి వస్తున్నాయి కాబట్టి 220తో మొదలుపెట్టండి. మామూలు డ్రై ఫుడ్ 100 గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీలుంటుంది, 85 గ్రాముల పౌచ్ ఒకటి 60 నుంచి 80. మీ ప్యాకెట్ వెనక ఉన్న అంకె చూసి సరిచేసుకోండి. సుమారుగా 35 గ్రాముల డ్రై ఫుడ్, ఒక పౌచ్, 12 గ్రాముల ఉడికించిన బోన్‌లెస్ చికెన్, ఇంతే రోజుకు. మామూలు ఫుడ్‌నే సగానికి తగ్గించి ఊరుకుంటే క్యాలరీలతో పాటు మాంసకృత్తులు, విటమిన్లు కూడా సగమవుతాయి. పిల్లి కొవ్వుతో పాటు కండ కూడా పోగొట్టుకుంటుంది. బరువు తగ్గడానికే చేసిన ఫుడ్‌ను డాక్టర్లు రాసేది అందుకే.

కప్పుతో కొలవొద్దు. నిండుగా పోస్తే ఒకలా, తలగొట్టి పోస్తే ఒకలా వస్తుంది, 10 గ్రాములు తేడా పడితే దాదాపు 37 క్యాలరీలు, అంటే మీ పిల్లి రోజు తిండిలో ఆరో వంతు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా, ఒక గ్రాము వరకు చూపేది, కొనండి. పొద్దుగాల ఆ రోజుకు సరిపడా డ్రై ఫుడ్ తూచి మూతున్న చిన్న స్టీలు డబ్బాలో పోయండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. బాపమ్మను వద్దనకండి, వద్దంటే చాటుగా పెడతారు. మధ్యాహ్నం వంతు ఆమె చేతికే ఇవ్వండి. నాలుగేసి గింజలు పిల్లి ముందు దూరంగా వేస్తూ ఉంటే అది లేచి నడుస్తుంది, ఆమెకూ తృప్తి.

పాలు మాత్రం మానాల్సిందే. 100 మిల్లీలీటర్ల బర్రె పాలు దగ్గరదగ్గర 100 క్యాలరీలు, మీ పిల్లి రోజు కోటాలో దాదాపు సగం దానికే పోయినట్టు. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగన్నం కడుపు నింపుతుంది గానీ పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అన్నంలో లేదు. అది ఎక్కువ కాలం లేకపోతే గుండె, కంటిచూపు దెబ్బతింటాయి. కుక్కల ఫుడ్ కూడా ఈ కారణానికే పనికిరాదు. కూరలోని ముక్క కడిగి పెట్టినా వద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి నెత్తురును పాడుచేస్తాయి. ఉడికిన బొక్కలు పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి.

మబ్బుల అరుపులకు వేళ మార్చాలి. తెల్లవారుజామున, సాయంత్రం చురుగ్గా ఉండడం పిల్లి స్వభావం. రోజు తిండిని నాలుగు పూటలు చేసి చివరిది రాత్రి పదిన్నరకు పెట్టండి. పొద్దున మీరు లేవగానే గిన్నె నింపకండి. మొహం కడుక్కుని, చాయ్ తాగి, ఓ అరగంట తర్వాత పెట్టండి. మీరు లేవడానికీ తిండికీ లంకె తెగితే లేపడం తగ్గుతుంది. మొదటి కొన్ని రోజులు అరుపు తగ్గకపోగా పెరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. అప్పుడు ఒక్కసారి లొంగి పెడితే, ఇంకా సేపు అరిస్తే పని అవుతుందని అది నేర్చుకుంటుంది. టైమర్ ఉన్న ఫీడర్ పెడితే పిల్లి మిమ్మల్ని వదిలి దాని ముందు కూర్చుంటుంది. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీది చూసుకోండి.

కదలని పిల్లిని ఒకేసారి ఉరికించలేరు. రెండు మూడు నిమిషాల ఆట, రోజుకు నాలుగు సార్లు. ఈకలు కట్టిన కర్రను మొహం మీదికి తెస్తే వెనక్కి జరుగుతుంది. ఎలుక పారిపోతున్నట్టు దాని నుంచి దూరంగా, కర్టెన్ అంచు వెనక్కి, మంచం కాలు చాటుకి లాగి ఆపండి. ముందు చెవులు తిరుగుతాయి, తర్వాత వెనక కాళ్లు కుదురుగా సర్దుకుంటుంది, అప్పుడు మళ్లీ లాగాలి. పడుకునే పంజాతో కొట్టినా మొదట్లో అది కసరత్తే. ఆట అవగానే ఒక వంతు తిండి. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటాక పగలు ఆడించొద్దు, పొద్దున ఏడు లోపు గానీ, రాత్రి తొమ్మిది తర్వాత గానీ ఆడించండి. దారం, ఉన్ని, పతంగి మాంజా దగ్గరికి రానీయకండి. మింగితే పేగును కోస్తుంది. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తిండి కోసం పని చేయించడం దీనికంటే తేలిక. కోడిగుడ్ల అట్ట ట్రేలో ఒక్కో గుంటలో రెండు మూడు గింజలు వేస్తే పంజాతో తీసుకుంటూ ఇరవై నిమిషాలు గడుపుతుంది. లీటరు నీళ్ల బాటిల్‌కు గింజ కంటే కొంచెం పెద్ద బొక్కలు నాలుగైదు చేసి దొర్లించేలా ఇవ్వొచ్చు, అంచులు గరుకు లేకుండా చూడండి. గిన్నెను పడక పక్కన పెట్టకుండా ఇంకో గదిలో పెట్టండి. సోఫా ఎక్కడానికే వెనకాడుతున్నా, వీపు మీద బొచ్చు నాక్కోకుండా ఉండలు కడుతున్నా అది బద్ధకం కాకపోవచ్చు, కీళ్లనొప్పి అయ్యుండొచ్చు. అలా ఉంటే చూపించాలి. మన దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడగొచ్చు. మగ పిల్లి దాని లిట్టర్ ట్రేలో (ఉచ్చకు పెట్టిన మట్టి ట్రేలో) పదేపదే కూర్చుని ఉచ్చ రాక ముక్కుతుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు.

తూకానికి బాత్రూం కాటా పనికిరాదు. వారానికి తగ్గాల్సింది 60 గ్రాముల దాకా, బరువులో ఒక శాతం. ఆ కాటా 100 గ్రాముల తేడానే సరిగ్గా చూపదు. తెలిసిన కిరాణా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా మీద పిల్లిని మోసుకెళ్లే క్యారియర్‌తో సహా తూచి, ఖాళీ క్యారియర్ బరువు తీసేయండి. రెండు వారాలకోసారి, తిండి పెట్టక ముందు. వారానికి 120 గ్రాములు దాటి తగ్గుతుంటే తిండి పెంచాలి. మూడు వారాలైనా కదలకపోతే పదో వంతు తగ్గించండి, దానికి ముందు పక్కింట్లో ఎవరైనా పెడుతున్నారేమో అడగండి. 180 క్యాలరీల కిందికి డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు. ఈ లెక్కన 4.8 చేరడానికి ఆరు నెలలు పడుతుంది.

పొట్ట కింద ఊగే తోలు చూసి నిరాశ పడకండి, అది సన్న పిల్లులకూ ఉంటుంది. చూడాల్సింది పక్కటెముకలు. మీ అరచేతి వెనక భాగం తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో పిల్లి పక్కటెముకలు అలా తగిలితే సరైన బరువు. అది చేరాక పాత మోతాదుకు వెళ్లొద్దు. ఆపరేషన్ అయిన పిల్లి ఒంట్లో క్యాలరీల ఖర్చు తక్కువ. పదో వంతు పెంచి రెండు వారాలు చూడండి, ఇంకా తగ్గుతుంటే మరో పదో వంతు. బరువు నిలిచిన మోతాదును ఆ స్టీలు డబ్బా మూత మీద గ్రాముల్లో రాసి, నెలకోసారి తూచండి.