హీలియం నిష్పత్తి గాలి విలువకు దగ్గరగా వచ్చినంత మాత్రాన శిలాద్రవం లేదనుకోకండి

ఇండోనేషియా వేడినీటి బుగ్గలోని వాయువును మామూలు గాజు సీసాల్లో తెచ్చి, రెండు నెలల తర్వాత బెంగళూరులో కొలిపిస్తే హీలియం-3/హీలియం-4 నిష్పత్తి గాలి విలువకు 1.1 రెట్లే వచ్చిందని, అంటే అడుగున శిలాద్రవం లేనట్టేనా అని అడిగారు. శిలాద్రవం నుంచి వచ్చే వాయువులో హీలియం-3 వాటా గాలిలోకంటే ఎక్కువ కాబట్టే ఈ నిష్పత్తి చూస్తారు. అయినా దయచేసి అలా తేల్చేయకండి.

మీరిచ్చిన రెండో అంకె చూడండి. హీలియం-4/నియాన్-20 నిష్పత్తి 0.35. నియాన్ దాదాపు గాలి నుంచే వస్తుంది కాబట్టి, ఎంత గాలి కలిసిందో ఇది చెబుతుంది. గాలిలో అది సుమారు 0.32. అంటే మీ సీసాలోని హీలియంలో 90 శాతం దాకా గాలిదే! ఆ గాలి వాటా తీసేసి లెక్క వేస్తే గాలి విలువకు 2 రెట్ల దగ్గర ఏదో వస్తుంది. కానీ ఆ 0.35 కాస్త అటూ ఇటూ అయినా జవాబు ఎక్కడికో పోతుంది, నమ్మలేం.

పైగా హీలియం గాజు గుండా కూడా మెల్లగా చొరబడుతుంది. ఈసారి రాగి గొట్టం వాడండి. గరాటును నీటిలో పూర్తిగా ముంచి బుగ్గ మీద బోర్లించండి. బుడగలు గొట్టంలోని గాలినంతా తోసేసేదాకా ఓపిక పట్టి, అప్పుడు రెండు చివరలూ గట్టిగా నొక్కి మూసేయండి. చెన్నైలో మేము ముందు బకెట్ నీళ్లలోనే ఇది సాధన చేశాం.

జపాన్‌లో ఓంటాకే అగ్నిపర్వతం 2014లో పేలడానికి ముందు, బిలానికి దగ్గరి బుగ్గలో హీలియం-3/హీలియం-4 నిష్పత్తి సుమారు పదేళ్లపాటు పెరిగింది. కాబట్టి మళ్లీ అదే బుగ్గకు వెళ్లండి.