పీవీసీ పైపుని కాకర తీగ ఎందుకు పట్టుకోదు?

డాబా మీద పైపులతో పందిరి వేస్తే కాకర, చిక్కుడు జారిపోతున్నాయి, మనీప్లాంట్ మాత్రం గోడకే అంటుకుంటోంది, ఎందుకని అడిగారు. రెండేళ్ల కిందట సత్యనారాయణపురంలో మా డాబా మీద నేనూ ఇదే చేశానండి. 2 అంగుళాల పైపులు, నున్నగా, తెల్లగా, చూడ్డానికి బ్రహ్మాండం. తీగకే నచ్చలేదు.

కాకర, బీర, దొండ, సొర నులితీగలతో పట్టుకునే రకం. దారం లాంటి ఆ కొస గాలిలో తడుముకుంటూ తిరుగుతుంది. దేనికైనా తగిలితే, తగిలిన వైపు కంటే అవతలి వైపు ఎక్కువ సాగి, వంగి చుట్టుకుంటుంది. లావుపాటి పైపు చుట్టూ దాని చెయ్యి తిరగదు. అందుకే పక్కనే పురికొస కట్టాను. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ ఒక కొసని పురికొసకి ఆనించి వదిలేశా. మధ్యాహ్నానికి వంకీ పడింది, మర్నాటికి మూడు చుట్లు. ఆ తర్వాత మిగిలిన నులితీగంతా స్ప్రింగులా ముడుచుకుంది. దగ్గరికెళ్లి చూడండి, సగం దూరం ఒకవైపు మెలిక, మధ్యలో చిన్న తిన్నని ముక్క, అక్కణ్నుంచి ఎదురు మెలిక! రెండు చివరలూ బిగుసుకుని ఉన్నాయిగా, అంతా ఒకే వైపు తిరిగితే నులితీగే పురిపడిపోతుంది. ఈదురుగాలికి సాగి మళ్లీ ముడుచుకునేది ఈ స్ప్రింగే. దీన్ని చూడ్డానికి డార్విన్ పనిగట్టుకుని పెనుగాలిలో బయటికెళ్లేవాడట. పిచ్చి మనకొక్కరికే కాదన్నమాట.

చిక్కుడుకి నులితీగలుండవు, కాడే చుట్టుకుంటుంది. బచ్చలి, శంఖపుష్పం కూడా అంతే. నేను తెలివిగా చిక్కుడుని నాకు తోచిన వైపు చుట్టి కట్టాను. తెల్లారేసరికి కొస ఊడి వేలాడుతోంది. దాని వైపు దానికుంటుంది, ఎటు తిరుగుతోందో చూసి అటే చుట్టాలి.

మనీప్లాంట్ సంగతి వేరు. కణుపుల దగ్గర వేళ్లు వచ్చి గరుకు గోడని కరుచుకుంటాయి. లాగితే సున్నం పెచ్చుతో సహా వస్తుంది, జాగ్రత్త. తమలపాకుదీ అదే పద్ధతి. పొన్నూరు వైపు తోటల్లో అవిశె చెట్లకి పాకిస్తారు, అయినా తీగని జమ్ముగడ్డితో కడుతూనే ఉంటారు. కాగితంపూల చెట్టయితే ముళ్లతో తగులుకుని వాలుతుందంతే, దాన్ని మీరే కట్టాలి.

పైపులు పీకెయ్యొద్దండి. వాటికి కొబ్బరితాడు ఎడంఎడంగా చుట్టి, పైనుంచి జానెడు దూరంలో పురికొసలు వేలాడదీయండి. ఇనుప తీగ మాత్రం వద్దు, మే ఎండకి అది కాలి మా బీర లేత కొసలన్నీ మాడిపోయాయి.