ముందు చెరువు, తర్వాతే సూర్యకుటుంబం

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా భూగోళానికి కొత్త పాఠ్యప్రణాళిక రాసే పని మీ బడివాళ్ళు నీకు అప్పగించినందుకు సంతోషం. ప్రణాళిక మాత్రం నాకు నచ్చలేదు, కోపం తెచ్చుకోకు. ఆరో తరగతి జూన్‌లో నక్షత్రాలతో మొదలై మార్చిలో ‘మన జిల్లా’ దగ్గర ముగుస్తోంది. ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, మార్చికి పెట్టిన పాఠం గతి ఏమిటో నాకు తెలుసు. పరీక్షలు ముంచుకొచ్చాయని ముందుగా దాన్నే ఎగరగొడతాం. చివరికి అనంతపురం పిల్లవాడు శనిగ్రహం వలయాల గురించి అరపేజీ రాస్తాడు, ఊరి చెరువులోకి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయంటే తల గోక్కుంటాడు.

తిరగేసి రాయి. మూడేళ్ళకూ ఒకటే దారం పట్టుకో: నీళ్ళు. ఆరులో చెరువు, ఏడులో నది, ఎనిమిదిలో వాన. నేలలు, పంటలు, పటాలు, అక్షాంశాలు అన్నీ అవసరం పడినప్పుడు ఆ దారానికే గుచ్చుకుంటూ పో. అగ్నిపర్వతాలను ఏం చేయాలని అడుగుతావు. వాటికి రెండు పీరియడ్లు ఇవ్వు, చాలు. రాజధానుల పేర్లు శుక్రవారం చివరి పది నిమిషాల్లో ఆటగా ఆడించు.

పటం దగ్గర తొందరపడకు. కొత్తలో నేను స్కేలు నిర్వచనం బట్టీ పట్టించాను. ఒకడు అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. పటం చూపించి, బడి నుంచి చెరువు ఎంత దూరంరా అంటే, కొలబద్ద పెట్టి కొలిచి ‘మూడు సెంటీమీటర్లు సార్’ అన్నాడు. తరగతంతా నవ్వింది, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాడు తాడుకు మీటరుకొక ముడి వేయించి, వరండా నుంచి బడి గేటు దాకా కొలిపించి, గళ్ళ కాగితం మీద గీయించాను. ఆ తర్వాతే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 పటం చేతికి ఇచ్చాను. అందులో రెండు సెంటీమీటర్లంటే కిలోమీటరని వాళ్ళే లెక్క కట్టారు. ఇస్రో వారి ఉపగ్రహ పటాల వెబ్‌సైటు భువన్‌లో ఊరిని పైనుంచి చూపిస్తానన్నావు, మంచిదే. కానీ పిల్లలు తమ పటం గీశాకే చూపించు. ముందే చూపిస్తే గీయడం మానేసి నకలు దింపుతారు.

ఇక చెరువు. ఒకే రోజు రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడుగు, నలభై నిమిషాల్లో కట్ట మీదికి వెళ్ళి రాలేరు. తోడుగా ఇంకో టీచరు ఉండాలి, వాన పడ్డ వారంలో అలుగు దగ్గరికి ఎవర్నీ పోనివ్వకూడదు. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అన్న నాలుగు మాటలూ పిల్లలు అక్కడే నేర్చుకోవాలి. వీలైతే చెరువు నీళ్ళు పొలాలకు పంచే నీరుగంటిని ఒకరోజు తరగతికి పిలువు. ఏ మడికి ముందు నీళ్ళు వదలాలో, ఎందుకో ఆయన చెబుతాడు. వాన తక్కువ సీమలో బుక్కరాయసముద్రం అని ఊరికి పేరెందుకు వచ్చిందో పిల్లల్నే తేల్చమను. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో కుంటలు, సాగరాలు, కొండలు ఎన్ని ఉన్నాయో ఏరుకొని రమ్మను.

సమోన్నత రేఖలు, అంటే పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చెప్పడానికి అందరూ బంగాళదుంప కోస్తారు. నీకు అంతకంటే మంచి సాధనం ఊళ్ళోనే ఉంది. ఫిబ్రవరి నుంచి చెరువు ఎండుతుంటే, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడల్లా ఒడ్డు బురదలో ఒక చార మిగులుతుంది. ఒక చార పొడవునా ఎత్తు ఒకటే, ఎందుకంటే ఆ రోజు నీటి అంచు అదే. ఏటవాలు ఎక్కువగా ఉన్న కట్ట వైపు చారలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి, పల్చగా వాలిన పొలాల వైపు దూరదూరంగా ఉంటాయి. వారానికొకసారి నీటి అంచున పుల్లలు పాతించి, వేసవి సెలవులకు ముందు వాటిని కలుపుతూ పటం గీయించు. సమోన్నత రేఖలు ఎందుకు ఒకదాన్నొకటి కోసుకోవని నువ్వు అడగకముందే ఒక పిల్ల చెప్పేస్తుంది. నా తరగతిలో చెప్పింది.

ఏడో తరగతికి పెన్న ఉండనే ఉంది. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, గండికోట దగ్గర రాతిని కోసుకొని, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. అయితే పిల్లలు చూసే పెన్నలో ఎక్కువ కాలం ఇసుకే. ఎందుకన్న ప్రశ్నను దాటవేయకు. మరి మీ జిల్లాలోని జీడిపల్లి జలాశయంలోకి కృష్ణ నీళ్ళు ఎలా వచ్చాయి? ఆ నీళ్ళు బయలుదేరేది కృష్ణ మీది శ్రీశైలం జలాశయం నుంచి. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. పల్లానికి పారాల్సిన నీళ్ళు మెట్టకు ఎలా ఎక్కాయో కనుక్కోమంటే హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం పంపులు, కరెంటు, ఖర్చు అన్నీ వాళ్ళే తవ్వుకొస్తారు. పెద్దవాళ్ళ రాజకీయ వాదనలూ వెంట వస్తాయి. రానివ్వు, తీర్పు మాత్రం నువ్వు చెప్పకు.

ఎనిమిదిలో వానమాపకం పెట్టించు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది, పడమటి కనుమల్లోని ఆగుంబెలో 7000 దాటుతుంది. నైరుతి గాలి బరువంతా అక్కడే దింపుకొని మన దగ్గరికి వట్టి చేతులతో వస్తుంది, ఈశాన్య రుతుపవనం కోస్తాలోనే చాలా వరకు ఖర్చయిపోతుంది. ఇది అర్థమైన పిల్లలకు ఆండీస్ చాటున పటగోనియా ఎందుకు ఎండిపోయిందో చెప్పడానికి నీకు అరగంట పట్టదు. ప్రపంచ భూగోళాన్ని ఆ కిటికీలోంచి చూపించు.

మార్కుల సంగతి. సగం మార్కులు రాతకే ఉంచు, తల్లిదండ్రులతో తగాదా ఎందుకు? మిగతా సగానికి ఒక విభాగం ఒక వస్తువును దాచి పటం గీయాలి, ఆ పటం పట్టుకొని ఇంకో విభాగం దాన్ని వెతకాలి. దొరకకపోతే తప్పు పటానిదా, చదివినవాళ్ళదా అని వాళ్ళే కొట్లాడుకుంటారు.

సూర్యుణ్ణి పూర్తిగా తీసేయమన్నానని అనుకోకు. బడి తెరిచిన వారంలోనే మబ్బులేని రోజు చూసి మీటరు కర్ర నిలువుగా పాతించు. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని పిల్లలు పందెం కాస్తారు. జూన్‌లో దక్షిణానికి, జానెడు కూడా లేకుండా పడుతుంది. అదీ గడియారంలో పన్నెండుకు కాదు, పన్నెండూ ఇరవైకి. ఎందుకో డిసెంబరు దాకా చెప్పకు, అప్పుడు మళ్ళీ పాతించు.

నేనూ ఇక్కడ విశాఖలో మేడ మీద ఒక కర్ర పాతుతాను. నా లెక్క ప్రకారం నా నీడ మీ నీడ కంటే పొట్టిగా ఉండాలి, ఇరవై మూడు నిమిషాలు ముందే దక్షిణానికి తిరగాలి. మీ పిల్లల్లో ఒకరి చేత ఆ రోజే ఫోను చేయించు, కొలతలు సరిపోల్చుకుంటాం.

మీ మామయ్య