పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బేస్ గిటార్‌కు బ్రిడ్జి, ప్లేట్లు చేయించుకోవాలంటే

*ఐదు తీగల బేస్ గిటార్ సొంతంగా చేసుకుంటున్నాను. స్కేలు (నట్టు నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు) 34 అంగుళాలు. తీగకూ తీగకూ మధ్య 18 మి.మీ. ఉండే ఇత్తడి బ్రిడ్జి (బాడీ మీద తీగలను పట్టి ఉంచే భాగం) కావాలి. నాకు దొరికినవన్నీ 19 మి.మీ.వే. బాలానగర్‌లో ఒక మిల్లింగ్ షాపులో అడిగితే డ్రాయింగ్ తెమ్మన్నారు. అందులో ఏమేం ఉండాలి? – సికింద్రాబాద్ పాఠకుడు*

ముందు నెక్ కొలవండి, బ్రిడ్జి గీయడం ఆ తర్వాత. ఐదు తీగలు, 18 మి.మీ. ఎడం అంటే ఈ చివరి తీగ నుంచి ఆ చివరి తీగకు 72 మి.మీ. బ్రిడ్జి వచ్చే చోట బాడీ మీద 72 మి.మీ. ఎడంగా రెండు గుర్తులు పెట్టండి. నట్టు (నెక్ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) చివరి గాడుల నుంచి ఆ గుర్తుల దాకా రెండు దారాలు బిగించి లాగండి. ఆఖరి ఫ్రెట్ (మెట్టు) దగ్గర దారానికీ ఫింగర్‌బోర్డు అంచుకూ మధ్య కనీసం 3 మి.మీ. మిగలాలి. అంతకంటే తక్కువైతే వాయించేటప్పుడు తీగ అంచు దాటి జారిపోతుంది. అప్పుడు 17.5 మి.మీ.కు దిగండి.

తర్వాత ఎత్తు. ఈ ఒక్క కొలత తీసుకోకపోవడం వల్లే ఎక్కువ బ్రిడ్జిలు పనికిరాకుండా పోతాయి. నెక్ బిగించి, పొడవాటి స్టీలు కొలబద్దను ఫ్రెట్ల మీద పెట్టి బ్రిడ్జి చోటు దాకా జరపండి. కొలబద్ద అడుగుకూ బాడీకీ మధ్య సందు 11 మి.మీ. వచ్చిందనుకోండి. 12వ ఫ్రెట్ అంటే తీగకు సరిగ్గా సగం. కాబట్టి అక్కడ కావలసిన ఎత్తుకు రెట్టింపు వేసి, నట్టు దగ్గరి ఎత్తు తీసేస్తే శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే దిమ్మ) దగ్గరి ఎత్తు వస్తుంది. 12వ ఫ్రెట్ మీద 2.2 మి.మీ., నట్టు దగ్గర 0.5 మి.మీ. కావాలంటే 4.4లోంచి 0.5 తీయండి: 3.9 మి.మీ. దానికి ఆ 11 కలిపితే, తీగ బాడీకి దాదాపు 15 మి.మీ. పైన ఉండాలి. శాడిల్ 13 నుంచి 17 మి.మీ. దాకా దిగేలా, లేచేలా ఉంటే నెక్ కాలక్రమేణా కాస్త వంగినా సర్దుకోవచ్చు. ఈ లెక్కకు 3 మి.మీ. అడుగు పలక, 10 మి.మీ. ఇత్తడి కడ్డీతో చేసిన శాడిళ్లు సరిపోతాయి.

మూడోది ఇంటొనేషన్, అంటే ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం. 34 అంగుళాలంటే 863.6 మి.మీ. శాడిల్ కదిలే దారికి మధ్య బిందువును ఈ కొలత మీద పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఏ తీగా స్కేలు కంటే పొట్టిగా కుదురుకోదు. లావు తీగ అన్నిటికంటే వెనక్కి పోతుంది. దారి మొత్తం 15 మి.మీ. ఉంచితే, 863.6 గీతకు ముందు 3, వెనక 12 వచ్చేలా బిగించండి. లేకపోతే అన్నిటికంటే లావైన బీ తీగ శాడిల్ స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయాక కూడా 12వ ఫ్రెట్ స్వరం ఎక్కువ పలుకుతూనే ఉంటుంది.

డ్రాయింగ్‌లో రాయవలసినవి ఇవి. పలక 90 × 60 × 3 మి.మీ. వెనక గోడకు 10 × 14 మి.మీ. పట్టీ, అడుగు నుంచి తల పలకలోకి దిగే ఎం4 (4 మి.మీ. మర) స్క్రూలు నాలుగు. మొత్తం ఒకే దిమ్మలోంచి తీయించనక్కర్లేదు, సగానికి పైగా ఇత్తడి రజనుగా పోతుంది. శాడిల్ పొడవు 17 మి.మీ., అప్పుడు పక్క శాడిల్‌తో 1 మి.మీ. సందు ఉంటుంది. శాడిల్‌కు ఎత్తు సర్దే గ్రబ్ స్క్రూలు (తల లేనివి) రెండు, ఎం3. మరకు ముందు వేసే డ్రిల్లు 2.5 మి.మీ., ఎం4కైతే 3.3 మి.మీ. గోడలో తీగ రంధ్రమూ ఇంటొనేషన్ స్క్రూ రంధ్రమూ పక్కపక్కనే, కనీసం 6 మి.మీ. ఎడంగా ఉండాలి. దగ్గరైతే తీగ చివరి బంతి స్క్రూ తలకు తగిలి సరిగా కూర్చోదు. 0.130 అంగుళాల బీ తీగ 3.3 మి.మీ. లావు, దానికి 4 మి.మీ. రంధ్రం. బంతిని వెర్నియర్‌తో కొలిచాకే ఈ అంకె ఖాయం చేయండి. బంతి పక్కన తీగ మెలిపెట్టిన లావు భాగం ఎంత పొడవుందో కూడా చూడండి. అది శాడిల్ మీదికి వస్తే స్వరం మొద్దుబారుతుంది.

శాడిల్ గాడి మాత్రం షాపులో వేయించకండి, ఇంట్లో ఆకురాయితో మీరే వేయండి. మూడు పలకల ఆకురాయితో గీత పెట్టి, గుండ్రటి ఆకురాయితో తీగ లావుకు సరిపడా వెడల్పు చేయండి. లోతు తీగ లావులో మూడో వంతు చాలు. గాడి అడుగు గోడ వైపు కొద్దిగా వాలాలి. తీగ శాడిల్‌ను వదిలే ముందంచే అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి. అడుగు చదునుగా ఉండిపోతే తీగ దాని మీద కొట్టుకుని, తంబురాకు జీవాళి దారం పెట్టినట్టు జుమ్మంటుంది. తంబురాకు అది అందం, బేస్‌కు లోపం.

షాపులో సులభంగా కోసే ఇత్తడి అని అడగండి, ఐఎస్ 319 రకం కడ్డీ. శాడిళ్లు ఐదు కాదు, పది చేయించండి. యంత్రం మీద పీసు కట్టి సర్దడానికే సగం ఖర్చవుతుంది కాబట్టి మిగతా ఐదింటికి పెద్దగా పెరగదు. గాడి తప్పితే మార్చుకోవడానికి ఉంటాయి.

*ఇత్తడా, అల్యూమినియమా? దేంతో శబ్దం బాగుంటుంది? – విశాఖపట్నం*

బరువులో తేడా చాలా ఉంది. పైన చెప్పిన బ్రిడ్జి ఇత్తడిదైతే 300 గ్రాములు, అల్యూమినియందైతే 95 గ్రాముల చుట్టూ వస్తుంది. హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల) కిందికి వాలే గిటార్‌కు వెనక 200 గ్రాములు కలిస్తే మేలే. భుజం నొప్పి పెట్టే బరువైన గిటార్‌కు అల్యూమినియం మేలు. శబ్దం విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం: పలక బాడీకి సందు లేకుండా ఆనడం, శాడిల్ కదలకుండా నిలబడడం ముఖ్యం, లోహం పేరు తర్వాత. వదులుగా ఉన్న ఇత్తడి కంటే గట్టిగా కూర్చున్న అల్యూమినియం బాగా పలుకుతుంది. అల్యూమినియం వాడితే ఎం3 మరలు తొందరగా అరుగుతాయి, శాడిళ్లు మాత్రం ఇత్తడివే పెట్టండి.

*బ్రిడ్జికి క్రోమ్ ప్లేటింగ్ చేయించాను. ముందు సాఫీగా తిరిగిన స్క్రూలు ఇప్పుడు దిగడం లేదు. – విజయవాడ*

ప్లేటింగ్ అన్నిచోట్లా ఒకేలా పట్టదు. అంచుల మీద, రంధ్రం నోటి దగ్గర కరెంటు ఎక్కువగా చేరుతుంది కాబట్టి అక్కడ మందంగా పేరుకుంటుంది. మర రెండు వాలుల మీదా పూత పడుతుంది కనుక, పూత మందానికి నాలుగు రెట్లు మర కొలత తగ్గుతుంది. 15 మైక్రాన్ల పూతకు 60 మైక్రాన్లు పోతాయి. ఎం3 మరకు అది ఎక్కువే. బలవంతంగా తిప్పితే స్క్రూ తెగి మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. కొత్త ఎం3 ట్యాపును (మర కోసే పనిముట్టు) నూనె వేసి చేత్తో పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ నోటి దగ్గరి రెండు మూడు చుట్లు శుభ్రం చేయండి. ఈసారి ప్లేటింగ్‌కు ఇచ్చే ముందు రంధ్రాల నోళ్లు 0.5 మి.మీ. వాలుగా కోయించి, అన్నిట్లో నైలాన్ స్క్రూలు బిగించి పంపండి.

ప్లేటింగ్ లేకుండా ఉత్త ఇత్తడి వాడేవారికి ఒక మాట. ఇంట్లో బిందెల్లా చింతపండుతో తోమాలంటే ముందు స్క్రూలు, స్ప్రింగులు అన్నీ విప్పేయండి. మరల్లో పులుపు మిగిలితే స్టీలు స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.

*పాత అమెరికన్ బేస్ శాడిల్ స్క్రూ పోయింది. ఎం3 పెడితే రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. – వరంగల్*

అది 4-40 మర అయి ఉండొచ్చు. బయటి వ్యాసం 2.84 మి.మీ., చుట్టుకు 0.635 మి.మీ. ఎం3కి 3 మి.మీ., 0.5 మి.మీ. ఇంకా తిప్పితే శాడిల్ మర పోతుంది, వెంటనే ఆపండి. మిగిలిన స్క్రూ ఒకటి పట్టుకెళ్లి మర గేజీతో చూపించి అంగుళాల స్క్రూ అడగండి. అలెన్ కీ కూడా సరిచూసుకోండి. 4-40 గ్రబ్ స్క్రూకు మామూలుగా 0.050 అంగుళాల కీ, అంటే 1.27 మి.మీ. ఎం3 గ్రబ్ స్క్రూకు వాడే 1.5 కీ అందులో దూరదు.

*నెక్ ప్లేటు (నెక్‌ను బాడీకి బిగించే స్క్రూల కింది పలక) మీద పెంబర్తి నగిషీ చేయించవచ్చా? ట్యూనర్లు (తీగ శృతి చేసే బిరడాలు) కూడా లేత్‌లో చేయించవచ్చా? – జనగామ*

నగిషీ చేయించవచ్చు, కానీ పెంబర్తి పని పల్చటి రేకు మీద తట్టి లేపేది. నాలుగు స్క్రూల బిగింపు దాని మీద పడితే రేకు నొక్కుకుపోతుంది. బిగింపుకు 2 మి.మీ. స్టీలు ప్లేటు వేరేగా పెట్టండి. మామూలు నాలుగు స్క్రూల ప్లేటు 51 × 64 మి.మీ., రంధ్రాల ఎడం 38 × 51 మి.మీ. నగిషీని కంట్రోల్ మూతకు చేయించండి. దాని మీద భారం ఉండదు, పని కళా కనిపిస్తుంది.

ట్యూనర్లు కొనుక్కోండి. వార్మ్ గేరు ఒంటరిగా కోయించడం ఖర్చుకు తగదు, కాస్త వదులు మిగిలినా శృతి నిలవదు. లేత్‌లో చేయించదగింది బుష్ మాత్రమే. హెడ్‌స్టాక్ రంధ్రం 17.5, కొత్త ట్యూనర్‌ది 14 మి.మీ. అయితే 1.75 మి.మీ. మందం గోడ ఉన్న గొట్టం.

*బ్లాక్ ఆనడైజింగ్ చేసిన అల్యూమినియం బ్రిడ్జి పెట్టినప్పటి నుంచి ఆంప్‌లో గుయ్‌మంటోంది. తీగ పట్టుకున్నా ఆగదు. – హైదరాబాద్*

ఆనడైజింగ్ పొర కరెంటును పోనివ్వదు. బ్రిడ్జి కింది ఎర్త్ వైరు ఆ పొరకు ఆనుతోంది తప్ప లోహానికి కాదు. పలక విప్పి, వైరు తగిలే చోట రూపాయి బిళ్లంత మేర ఎమెరీ కాగితంతో తెల్లటి లోహం కనబడేదాకా గీకండి. శాడిళ్లకు కూడా ఆ పొర ఉంటే తీగ గాడిలో, గ్రబ్ స్క్రూ ఆనే చోట గీకాలి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ఒక ముల్లు తీగ మీద, ఇంకొకటి జాక్ ఎర్త్ మీద ఉంచండి. 1 ఓమ్ లోపు చూపిస్తే స్క్రూలు బిగించేయండి.